మూడు ఎంట్రీలు పెడితే మూడూ ఉండాలి



ఇంటర్ అయిపోయిన తమ్ముళ్లు చాలామంది నాకు మెసేజ్‌లు పెడుతున్నారు. "అన్నా, నువ్వు మధురానగర్‌లో ఉంటున్నావంట గదా, అమీర్‌పేట పక్కనే గదా, ఏ కోర్సు తీసుకుంటే మంచిది?" అని. ఒక్కొక్కరికి విడిగా రాసే బదులు ఇక్కడే రాస్తున్నా. కోర్సుల పేర్లు చెప్పను, అవి ఆరు నెలలకొకసారి మారతాయి. ఈ ఏడాది నేను నేర్చుకున్న ఒక్క విషయం చెప్తా. కొంచెం పొడుగు పోస్టు. కోడింగ్ రానివాళ్లు కూడా చదవండి, ఎందుకంటే ఇందులో మన ఊళ్ల లెక్క ఉంది.

విషయం ఏందంటే, మొబైల్ యాప్ వెనకాల డేటాబేస్‌లో రాసే పనులు ఒకదాని తర్వాత ఒకటి, వరుసలో జరగాలి. ఆ వరుస తప్పితే మనుషుల లెక్కలు మాయమవుతాయి.

నా గురించి రెండు ముక్కలు. మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల మండలంలో కోయ గూడెం. పదో తరగతి వరకు ఆశ్రమ పాఠశాల, తెలుగు మీడియం. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. ఇప్పుడు డిగ్రీ మూడో సంవత్సరం, కంప్యూటర్స్. మధురానగర్ ఎక్కడంటే, మెట్రో బ్లూ లైన్‌లో అమీర్‌పేట దాటగానే వచ్చే స్టేషన్. దాని తర్వాత యూసుఫ్‌గూడ, ఆపైన జూబ్లీహిల్స్. అటు చూస్తే మైత్రీవనం దగ్గర కోచింగ్ బోర్డులు, ఇటు చూస్తే కృష్ణానగర్‌లో సినిమా పనివాళ్లు. మా హాస్టల్‌లో కూడా అంతే, సగం మంది జావా, సగం మంది సినిమా.

ఈ విషయం మీద నాకు పట్టుదల రావడానికి కారణం చెప్తా. పోయిన ఎండాకాలం సెలవుల్లో నేను ఇంటికాడ ఉన్నా. అమ్మ చింతపండు అమ్మడానికి పోతే నేనూ వెంట పోయా. కొనేవాళ్లు అంతకుముందు కాగితం మీద రాసేవాళ్లు, ఆ ఏడు ఫోన్‌లో యాప్ తెచ్చారు. ఎవరి యాపు, ఏ సంస్థ అనేది ఇక్కడ చెప్పను, గొడవ అది కాదు. అమ్మ మూడు సార్లు కాటా పెట్టింది. ఆ అబ్బాయి గబగబా మూడు సార్లు ఎంట్రీ కొట్టాడు. అక్కడ సిగ్నల్ లేదు. వారం తర్వాత డబ్బుల కోసం పోతే యాప్‌లో రెండే ఉన్నాయి. మధ్యలో పెట్టిన 14 కిలోలు లేవు.

అమ్మ చదువుకోలేదు. కానీ కాటా ఎక్కిన ప్రతిసారీ ఒక చింతగింజ కొంగున ముడేసుకుంది. ముడి విప్పి మూడు గింజలు చూపించింది. "కాటా మీద నువ్వే గదా పెట్టింది, నేను చూడలేదా బిడ్డా" అని ఆ అబ్బాయినే అడిగింది. అతను చెడ్డోడేం కాదు. "అవ్వా, ఫోన్‌లో లేదు, నేనేం చేయను" అన్నాడు. పై ఆఫీసుకు చెప్తా అన్నాడు. ఆ 14 కిలోల డబ్బు ఇప్పటికీ రాలేదు.

కాగితం మీద రాసినప్పుడు తప్పు రాస్తే మనిషిని నిలదీయొచ్చు. ఫోన్‌లో లేదు అంటే మనోళ్లు మాట్లాడకుండా వెనక్కి వస్తారు. యంత్రం అబద్ధం చెప్పదు అనుకుంటాం. నిజమే, అబద్ధం చెప్పదు. కానీ మర్చిపోగలదు. ఎట్లా మర్చిపోతుందో తెలుసుకోవాలని ఇక్కడికి వచ్చాక మా హాస్టల్‌లో ఉద్యోగం చేసే సీనియర్ అన్నను పట్టుకున్నా. కింద రాసేదంతా ఆయన దగ్గర, ఆండ్రాయిడ్ వాళ్లు ఫ్రీగా పెట్టిన డాక్యుమెంట్ల దగ్గర నేర్చుకున్నది.

మొదట థ్రెడ్ అంటే ఏంటి? యాప్‌ను ఒక కిరాణా కొట్టు అనుకోండి. థ్రెడ్ అంటే అందులో పనిచేసే ఒక మనిషి. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కు ఒక ముఖ్యమైన మనిషి ఉంటాడు, మెయిన్ థ్రెడ్ అంటారు. స్క్రీన్ గీయడం, మీరు వేలితో నొక్కింది వినడం, అన్నీ ఆయనే. గల్లా దగ్గర కూర్చున్న మనిషిని గోడౌన్‌కి పంపితే కొట్టు ముందు జనం నిలబడిపోతారు గదా. అట్లనే డేటాబేస్ పని మెయిన్ థ్రెడ్‌కి ఇస్తే స్క్రీన్ బిగుసుకుపోతుంది. మీరు నొక్కినదానికి 5 సెకన్లు జవాబు రాకపోతే ఆండ్రాయిడే "ఈ యాప్ స్పందించట్లేదు" అని బోర్డు పెడుతుంది. దాన్ని ఏఎన్ఆర్ అంటారు. మా ఏరియాలో ఏఎన్ఆర్ అంటే అన్నపూర్ణ స్టూడియోస్ కట్టిన అక్కినేని గారు. ఆండ్రాయిడ్ వాళ్లకు మాత్రం 'అప్లికేషన్ నాట్ రెస్పాండింగ్'.

కాబట్టి డేటాబేస్ పనికి వెనకాల వేరే మనిషిని పెట్టాలి. దీన్నే బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్ అంటారు. ఇంతవరకు కోచింగ్‌లో అందరూ చెప్తారు. తర్వాతి మెట్టు దగ్గరే ఇబ్బంది. ఒక మనిషితో పని తొందరగా కావట్లేదు, నలుగురిని పెడదాం అనుకుంటారు. నలుగురూ ఒకే ఖాతా పుస్తకంలో ఒకేసారి రాస్తే ఏమవుతుంది?

లెక్క చూడండి. పుస్తకంలో అమ్మ పేరు మీద మొత్తం 40 కిలోలు ఉంది. మొదటి థ్రెడ్ చదివింది, 40. దానికి 12 కలపాలి. అది రాసేలోపే రెండో థ్రెడ్ కూడా చదివింది, దానికీ 40 కనిపించింది. అది 9 కలపాలి. మొదటిది 52 అని రాసింది. రెండోది దాని మీదే 49 అని రాసింది. రావాల్సింది 61. ఇద్దరూ తమ లెక్క తాము కరెక్ట్‌గానే చేశారు. ఎక్కడా ఎర్ర అక్షరాలతో తప్పు చూపించదు. 12 కిలోలు మాత్రం గాల్లో కలిసిపోయాయి.

ఇంకో రకం కూడా ఉంది. యాప్ రసీదు నంబర్‌ను తనే వేసుకుంటుంది అనుకోండి. చివరి నంబర్ ఎంతో చూసి, ఒకటి కలిపి, ఆ నంబర్‌తో రాస్తుంది. ఆ నంబర్ ముందే ఉంటే పాతదాని మీద కొత్తది రాసెయ్ అని కోడ్‌లో ఉంది. రెండు థ్రెడ్‌లు ఒకేసారి చూస్తే రెండింటికీ చివరి నంబర్ 41 అనే కనిపిస్తుంది, రెండూ 42 అని రాస్తాయి. ఒక ఎంట్రీ మీద ఇంకోటి కూర్చుంటుంది. ఇది చదివినప్పుడు నాకు అమ్మ మధ్య కాటా గుర్తొచ్చింది.

నమ్మకం కుదరక ఒక చిన్న టెస్ట్ యాప్ రాశా. రెండు థ్రెడ్‌లు పెట్టి, ఒక్కోదానితో 1000 ఎంట్రీలు ఈ పద్ధతిలో రాయించా. చివర్లో 2000 ఉండాలి. ఎన్నిసార్లు నడిపినా 2000 రాలేదు, ప్రతిసారీ వేరే లెక్క. తర్వాత అదే పనిని ఒకే ఒక్క థ్రెడ్‌కి క్యూలో ఇచ్చా. సరిగ్గా 2000. మళ్లీ నడిపా, మళ్లీ 2000. కోడ్‌లో మార్చింది రెండు మూడు లైన్లే. దాని పేరు సింగిల్ థ్రెడ్ ఎగ్జిక్యూటర్. అర్థం ఏమీ లేదు, ఒక మనిషి, ఆయన ముందు ఒక వరుస. ఎవరు ముందొస్తే వాళ్ల పని ముందు. ఒక పని పూర్తయ్యాకే రెండోది. ఐఫోన్‌లో దీన్ని డిస్పాచ్ క్యూ అంటారు. మనం క్యూ తయారు చేసి ప్రత్యేకంగా ఏమీ చెప్పకపోతే అది ఒకదాని తర్వాత ఒకటే చేస్తుంది.

ఇది మనలాంటి నేర్చుకునేవాళ్లకే వచ్చే తిప్పలు అనుకోకండి. ఆండ్రాయిడ్ తయారు చేసినవాళ్లకే వచ్చింది. 2009లో వాళ్లు అసింక్‌టాస్క్ అని ఒక సాధనం ఇచ్చారు, వెనకాల పనులు చేయడానికి. మొదట అది ఒకే థ్రెడ్‌లో వరుసగా చేసేది. అదే ఏడాది వచ్చిన డోనట్ వెర్షన్‌లో, తొందరగా కావాలని, చాలా థ్రెడ్‌లలో ఒకేసారి చేసేలా మార్చారు. 2011లో హనీకూంబ్ వచ్చేసరికి మళ్లీ ఒకే థ్రెడ్‌కి వెనక్కి తెచ్చారు. కారణం వాళ్ల డాక్యుమెంట్‌లోనే ఉంది, ఒకేసారి నడపడం వల్ల యాప్‌లలో వచ్చే మామూలు తప్పులు తప్పించడానికి అని. 2020లో ఆండ్రాయిడ్ 11తో ఆ సాధనాన్నే పక్కన పెట్టారు. పాత వీడియోల్లో ఇంకా అదే చెప్తారు, చూసుకోండి తమ్ముళ్లూ.

ఫోన్‌లో ఉండే డేటాబేస్ పేరు ఎస్‌క్యూలైట్. 2000లో రిచర్డ్ హిప్ అనే ఆయన రాశాడు, అమెరికా నేవీ ఓడకు సంబంధించిన పనిలో ఉండగా దాని ఆలోచన వచ్చింది. ఎవరైనా ఫ్రీగా వాడుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో ఉంది, ఐఫోన్‌లో ఉంది, మీ వాట్సాప్ మెసేజ్‌లు ఫోన్‌లో దాచుకునేది దాంట్లోనే. ఇంత గొప్ప డేటాబేస్ పెట్టుకున్న నియమం కూడా అదే. ఎంతమందైనా చదవొచ్చు, రాసేది మాత్రం ఒకసారికి ఒక్కరే. ఇద్దరు ఒకేసారి రాయబోతే రెండోవాళ్లకు 'డేటాబేస్ ఈజ్ లాక్డ్' అని చెప్తుంది. ఆ మాట విని ఆగి మళ్లీ ప్రయత్నించేలా యాప్ రాయాలి. కొంతమంది ఆ ఎర్రర్‌ను పట్టుకుని ఏమీ చేయకుండా వదిలేస్తారు, యాప్ క్రాష్ కాకుండా ఉంటే చాలని. అక్కడ కూడా ఒక ఎంట్రీ పోయినట్టే.

మరి క్యూ పెడితే అంతా అయిపోయిందా? కాలేదు. అన్న నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "తమ్ముడూ, క్యూలో పది పనులు ఉన్నాయి, బ్యాటరీ అయిపోయి ఫోన్ ఆగిపోయింది. ఆ పది ఎక్కడ?" నేను ఆలోచించా. క్యూ ఉండేది మెమరీలో. ఫోన్ ఆగితే క్యూ కూడా పోతుంది. మన దగ్గర కరెంటు సంగతి మీకు తెలిసిందే.

దీనికి పద్ధతి ఉంది. సేవ్ నొక్కగానే సర్వర్‌కు పంపే ప్రయత్నం చేయకూడదు. ముందు ఫోన్‌లోనే డేటాబేస్‌లో రాయాలి, పక్కన 'ఇంకా పంపలేదు' అని గుర్తు పెట్టాలి. రాయడం పూర్తయ్యాకే స్క్రీన్ మీద 'సేవ్ అయింది' అని చూపించాలి. తర్వాత సిగ్నల్ దొరికినప్పుడు వెనకాల పనివాడు 'పంపలేదు' అని ఉన్నవాటిని ఒక్కొక్కటి వరుసగా పంపుతాడు. సర్వర్ 'అందింది' అన్నాకే గుర్తు మారుస్తాడు. ఈ పనికి ఆండ్రాయిడ్‌లో వర్క్‌మేనేజర్ ఉంది. నెట్ ఉన్నప్పుడే చెయ్ అని చెప్పొచ్చు, ఇది అయ్యాక అది చెయ్ అని గొలుసు కట్టొచ్చు, ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసినా అప్పజెప్పిన పని గుర్తుంచుకుంటుంది.

గొలుసు ఎందుకంటే, కొన్ని పనులకు ముందు వెనక ఉంటుంది. కొత్త మనిషి పేరు ముందు ఎక్కాలి, ఆ తర్వాతే ఆమె తూకం. తూకం ముందు పోతే సర్వర్ 'ఈ మనిషి ఎవరో నాకు తెలియదు' అని తిప్పి పంపుతుంది. అలాగే తూకం రాయడం, మొత్తంలో కలపడం రెండూ ఒకే మూటగా జరగాలి. అయితే రెండూ కావాలి, లేకపోతే రెండూ కాకూడదు. ఆ మూటను ట్రాన్సాక్షన్ అంటారు.

ఇంకో చిక్కు. ఎంట్రీ సర్వర్‌కు చేరింది, కానీ 'అందింది' అనే జవాబు వచ్చేలోపు సిగ్నల్ పోయింది. ఫోన్ అందలేదనుకుని మళ్లీ పంపుతుంది. అప్పుడు 14 కిలోలు 28 అవుతాయి. మనకు లాభమే గదా అని నవ్వకండి, రేపు ఆ అదనం కట్టమని మనల్నే అడుగుతారు. అందుకే ప్రతి ఎంట్రీకి పుట్టినప్పుడే, ఇంకోదానితో కలవని ఒక గుర్తింపు నంబర్ ఇవ్వాలి. అదే నంబర్ మళ్లీ వస్తే సర్వర్ 'ఇది నా దగ్గర ఉంది' అని ఊరుకుంటుంది.

ఈ నంబర్ సంగతి నాకు బాగా అర్థమైంది నా రూమ్మేట్ వల్ల. అతను సినిమా షూటింగుల్లో అసిస్టెంట్. షూటింగ్‌లో సీన్లు వరుసగా తీయరు. చివరి సీన్ మొదటి రోజు తీయొచ్చు, హీరో డేట్లు బట్టి ఉంటుంది. అందుకే ప్రతి షాట్ ముందు క్లాప్ బోర్డు మీద సీన్ నంబర్, షాట్ నంబర్, టేక్ నంబర్ రాసి కెమెరా ముందు కొడతారు. ఎడిటింగ్ రూమ్‌లో ఆ నంబర్లు చూసి వరుస పెడతారు, ఏది ముందొచ్చింది అని చూడరు. యాప్‌లో కూడా అంతే. సిగ్నల్ వల్ల ఒక ఫోన్ ఎంట్రీలు ఈరోజు, ఇంకో ఫోన్‌వి నాలుగు రోజుల తర్వాత చేరొచ్చు. ఎంట్రీ మీదే దాని నంబర్, అది కొట్టిన సమయం ఉంటే సర్వర్ వరుస పెట్టుకుంటుంది.

అన్నీ ఒకే వరుసలో పెట్టాలని కూడా కాదు. ఒక పెద్ద ఫోటో క్యూలో ముందు ఉంటే, సిగ్నల్ సరిగ్గా లేనిచోట దాని వెనక చిన్న ఎంట్రీలన్నీ ఆగిపోతాయి. అందుకే ఎంట్రీలకు ఒక క్యూ, ఫోటోలకు వేరే క్యూ పెడతారు. చదివే పనులు పక్కపక్కన జరగనివ్వొచ్చు. ఒకే పుస్తకంలో రాసే పనులకు మాత్రం వరుస తప్పదు.

సిగ్నల్ లేని ఊళ్ల కోసం యాప్ చేయడం కుదరదు అని ఎవరైనా అంటే నమ్మొద్దు. 2008లోనే అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు ఓడీకే అని సర్వే సాధనం మొదలుపెట్టారు. ఊరంతా తిరిగి ఫోన్‌లో నింపుకుని, నెట్ దొరికాక పంపడం దాని పద్ధతి. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ఏఎన్ఎం అక్కల కోసం అన్మోల్ అనే ట్యాబ్ యాప్ వచ్చింది, అది కూడా నెట్ లేకుండా రాసుకుని తర్వాత పంపేలా చేసిందే. గర్భిణి పేరు, పిల్లల టీకాలు అందులో ఎక్కుతాయి. అంటే దారి ఉంది. ఆ దారిలో యాప్ చేసేవాళ్లు కావాలి. సిగ్నల్ లేకపోతే ఎట్లుంటుందో మనకు తెలిసినంతగా ఏసీ రూములో కూర్చున్నవాళ్లకు తెలుస్తుందా?

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఏ కోర్సు అని అడిగారు గదా. స్క్రీన్ మీద రంగులు, బటన్లు నెల రోజుల్లో వస్తాయి. వెనకాల ఏం జరుగుతుందో చెప్పేవాళ్ల దగ్గర నేర్చుకోండి. ఇంగ్లీషు చూసి భయపడొద్దు. నాకు 'థ్రెడ్' అంటే దారం అనే తెలుసు. ఒక్కో పేజీ మూడు రోజులు చదివా, నాలుగో రోజు అర్థమైంది.

కోడింగ్ చేయనివాళ్లకు కూడా పని ఉంది. ఈసారి సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మన ఊళ్లో కొనుగోలుకో, సర్వేకో ఎవరైనా ఫోన్ పట్టుకుని వస్తే, మర్యాదగా ఈ మూడు పరీక్షలు చేయించండి.

ఒకటి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి గబగబా మూడు ఎంట్రీలు కొట్టమనండి. లిస్టులో మూడూ ఉన్నాయా చూడండి.

రెండు, అవి పంపకముందే ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయమనండి. ఇంకా మూడూ ఉన్నాయా చూడండి.

మూడు, సిగ్నల్ ఉన్న చోటికి పోయి పంపేటప్పుడు మధ్యలో నెట్ తీసేసి మళ్లీ పెట్టమనండి. అవతల మూడే ఉండాలి. రెండు ఉన్నా తప్పే, నాలుగు ఉన్నా తప్పే.

ఈ పరీక్షలో తప్పిన యాప్‌తో తూకం వేస్తే కాగితం రసీదు కూడా ఇవ్వమని అడగండి. ఇది గొడవ కాదు, మన హక్కు. పెద్దవాళ్లకు చెప్పండి, ప్రతి కాటాకు ఒక గింజ ముడేసుకోమని. 'ఫోన్‌లో లేదు' అంటే తల దించుకుని రావొద్దని చెప్పండి. ఫోన్‌లో లేకపోతే అది ఫోన్ తప్పు కావచ్చు, మన అమ్మల తప్పు కాదు.

నేను, ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి తూకాల లెక్క కోసం ఒక చిన్న యాప్ మొదలుపెట్టాం. తెలుగులోనే ఉంటుంది, అంకెలు పెద్దవిగా కనిపిస్తాయి, నెట్ లేకుండా పనిచేస్తుంది. ఇప్పటికి పైన చెప్పిన మొదటి రెండు పరీక్షలు పాసైంది, మూడోదాని మీద కూర్చున్నాం. కాటా దగ్గర పరీక్షించడానికి పాత ఆండ్రాయిడ్ ఫోన్లు కావాలి. స్క్రీన్ పగిలినా పర్లేదు, ఆన్ అయితే చాలు. ఎవరి దగ్గరైనా ఉంటే కామెంట్‌లో మీ మండలం పేరు పెట్టండి, సెలవులకు వచ్చినప్పుడు నేనే వచ్చి తీసుకుంటా.